అళగమ్మాళ్ కొలిచిన పది వాట్లు

రంగరాజన్ నా మీద అర్జీ పెట్టాడని తెలిసిన రోజున కోవిల్‌పట్టిలో రైలెక్కి విరుదునగర్ దాకా నిలబడే పోయాను. బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోబుద్ధి కాలేదు. మే నెల ఎండ ఒక పక్క, వాడు రాసిన మాట ఒక పక్క, ఒళ్ళంతా మండిపోతోంది.

వాడు రాసింది ఇదీ. కోవిల్‌పట్టి లక్ష్మణసామికి సర్కారు ఇచ్చిన వైర్‌లెస్ లైసెన్సు పది వాట్లకు. అతని సిగ్నలు ఇక్కడ చెవులు పగిలేట్టు వినిపిస్తోంది. ముప్పై వాట్లకు తక్కువ ఉండదు. అతను సర్కారుకు పంపే లెక్క దొంగ లెక్క.

దొంగ! ఆ మాట చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

అర్జీ నకలును వైర్‌లెస్ ఇన్‌స్పెక్టరు నాగరాజన్ నాకు పంపాడు. అడుగున తన చేత్తో నాలుగు ముక్కలు రాశాడు. పదిహేనో తేదీ పగలు మా ఇంటికి వస్తాడట. నా ట్రాన్స్‌మిటరు గాలిలోకి ఎంత పవర్ వదులుతోందో తన కళ్ళ ముందు కొలిచి చూపాలట. పది దాటితే లైసెన్సు రద్దు, సెట్టు జప్తు.

అది 1936. నేను పత్తి జిన్నింగ్ మిల్లులో ఇంజను ఫిట్టరును. మిల్లులో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. "ఏయ్, ఇంజనూ!" అంటారు, అంతే. కానీ పని దిగి ఇంటికొచ్చి మోర్సు టకటకలు కొట్టే తాళం మీద వేలు పెట్టానంటే రంగూన్‌లో ఒక దొర, కొలంబో దగ్గర టీ తోటలో ఒక గుమాస్తా నాకు జవాబు చెప్పేవారు. సర్కారు నాకొక పిలుపుగుర్తు ఇచ్చింది. ఆ నాలుగు అక్షరాలూ గాలిలో వినగానే అంత దూరం నుంచి "గుడ్ ఈవినింగ్, ఓల్డ్ మాన్" అనేవారు. నాలుగేళ్ళు ఒక్కో వాల్వూ, ఒక్కో తీగచుట్టా కూడబెట్టి కట్టుకున్న సెట్టు అది. అది పోతే నేను మళ్ళీ ఉత్త "ఏయ్" మాత్రమే.

రంగరాజన్‌ది విరుదునగర్‌లో మిరపకాయల మండీల వెనక మేడ ఇల్లు. మద్రాసులో ఇంజనీరింగు చదివి వచ్చాడు. అతనికీ పది వాట్ల లైసెన్సే. సెట్టు మాత్రం సీమ నుంచి ఓడ మీద పెట్టెలో దిగింది. అంత ఖరీదైన సెట్టుతో కొలంబో దాటలేకపోయాడు. నాది రంగూన్ దాకా పోతుంటే కడుపు మండక ఏం చేస్తుంది? నా ఏరియల్ తీగ మిల్లు పొగగొట్టం కొస నుంచి వేలాడుతోందని, ఎత్తు అనేది ఒకటి ఉంటుందని ఆ చదువుకున్న బుర్రకు తట్టలేదు.

గుమ్మంలోనే అడిగేశాను, అరవంలో. "నన్ను దొంగ అని రాయడానికి నువ్వెవరు?"

అతను కోపగించుకోలేదు. అదే నాకు ఇంకా మంట. కుర్చీ చూపించి, మజ్జిగ తెప్పించి, మెల్లగా అడిగాడు. "నీ పవర్ ఎట్లా కొలుస్తావు, లక్ష్మణసామీ? నీ దగ్గర మీటరు ఉందా?"

"రెండు బల్బులతో కొలుస్తాను."

"బల్బులతోనా!" నవ్వాడు. "ఎవరు కొలుస్తారు?"

"నేనే," అన్నాను.

అబద్ధం. నా పవర్ కొలిచేది మా అక్క అళగమ్మాళ్.

బావ పోయాక ఏళాయిరంపన్నై నుంచి అక్క మా ఇంటికి వచ్చేసింది. అప్పటికి నేనింకా సెట్టుకు తీగలు చుట్టుకుంటున్నాను. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. బడి ముఖం చూడలేదు, అరవంలో తన పేరు మటుకు రాయగలదు. కానీ పత్తి చూడాలంటే మా చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో అక్క తరవాతే ఎవరైనా. రెండు పిడికిళ్ళ పత్తి పక్కపక్కన పెట్టి, కళ్ళు సగం మూసి, ఏది ఒక వాసి ఎక్కువ తెలుపో చెప్పేసేది. దళారులు వాదించి వాదించి చివరికి అక్క చెప్పిన దగ్గరికే వచ్చేవారు.

నా కొలతకు కావలసిందీ అలాంటి కన్నే. ఒకే రకం బస్సు బల్బులు రెండు తీసుకుంటాం. ఒకటి నా ట్రాన్స్‌మిటరు వదిలే పవర్‌తో వెలుగుతుంది. రెండోది బ్యాటరీతో వెలుగుతుంది. రెండింటికీ సరిగ్గా నడుమ ఒక తెల్లకాగితం నిలబెట్టి ఉంటుంది, దాని మీద ఒక ఆముదం చుక్క. ఒక పక్క వెలుగు ఎక్కువైతే చుక్క కనిపిస్తుంది. రెండు పక్కలా సమానమైతే చుక్క మాయమైపోతుంది. బ్యాటరీ బల్బును తగ్గించీ హెచ్చించీ ఆ మాయమయ్యే చోటు పట్టుకోవాలి. పట్టుకున్నాక ఆ బల్బు ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు తాగుతోందో మామూలు మీటర్లలో చూసి గుణిస్తే వాట్లు వస్తాయి. నా ట్రాన్స్‌మిటరు వదిలేదీ అన్ని వాట్లే.

నేను వీధి గదిలో సెట్టు దగ్గర తాళం నొక్కి పట్టుకునేవాణ్ణి. అక్క లోపల పత్తి గదిలో, తలుపు మూసుకుని, తలుపుకు అడ్డంగా నల్ల కంబళి వేలాడదీసుకుని, బల్బుల ముందు కూర్చునేది. కాసేపటికి లోపల నుంచి మీటర్ల ముళ్ళు ఎక్కడున్నాయో అరిచి చెప్పేది. నేను గుణించి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఎప్పుడూ తొమ్మిదిన్నర, తొమ్మిది ముప్పావు. ఒక్కసారీ పది దాటలేదు. దాటేట్టు ఉంటే అక్కే కసిరేది, "తగ్గించు రా, సర్కారుకు మాట ఇస్తివి కదా" అని.

ఇది నేను రంగరాజన్‌తో ఎందుకు చెప్పలేదు? ఇంజనీరు ముందు కూర్చుని "మా ఇంట్లో చదువురాని విధవ ఆడమనిషి చూసి చెబుతుంది" అనడానికి నోరు రాలేదు. అంతే. దానికి వేరే కారణం లేదు.

ఇంటికి వచ్చాక అక్క మా ఇంటి తెలుగులో అడిగింది. "ఏమ్రా, పోయి గలాటా చేసినావా?"

"వాడి నోరు మూయించి వచ్చినా. పదిహేనో తేదీ ఇన్‌స్పెక్టరు వస్తాడు."

"వస్తే రానీ. నేను చూసి చెప్తా."

"నువ్వు యాల? పెద్ద మనుషులు వస్తారు. నువ్వు వంటింట్లో ఉండు. నేనే చూస్తా."

అక్క నా వైపు చూసింది. ఏదో అనబోయి, "సరి, నీ ఇష్టం" అని చెంబు ఎత్తుకుని పెరట్లోకి పోయింది.

పదిహేనో తేదీ పన్నెండు గంటలకు నాగరాజన్ వచ్చాడు. కోటు, మెడకు టై, చేతిలో తోలు సంచి. వెనకే రంగరాజన్. వాణ్ణి ఎవరు రమ్మన్నారు? అర్జీదారు హాజరు కావచ్చునట, రూలు ఉందట. మా ఇంటి గడప వాడు తొక్కుతుంటే పళ్ళు కొరుక్కుంటూ రండి రండి అన్నాను.

ఎండకు రేకుల కప్పు కాలిపోతోంది. ఇన్‌స్పెక్టరు టై వదులు చేసుకుని విసనకర్ర అడిగాడు. పత్తి గదిలో గాలి ఆడదు. నేను మర్యాదకు పోయి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాను. కంబళి తీసి మూల పారేశాను. ఇన్నాళ్ళూ అక్క ఆ తలుపు మూసుకునేది, కంబళి కట్టుకునేది వీధిలో పోయేవాళ్ళ కంట పడకూడదనే అనుకున్నాను. బావ పోయిన ఆడమనిషి, వీధి గదికి ఎదురుగా కూర్చోవాలి, ముసుగు లాంటిది ఏదో ఒకటి కావాలి కదా. అందులో అడగడానికి ఏముంది? ఇన్నాళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

ఇన్‌స్పెక్టరు సెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. తీగలు ముట్టుకుని చూశాడు. తనే తాళం నొక్కి పట్టుకుంటానన్నాడు. నేను పోయి బల్బుల ముందు కూర్చున్నాను. రంగరాజన్ నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. వాడి సెంటు వాసన.

చుక్క నల్లగా కనిపిస్తోంది. బ్యాటరీ బల్బు హెచ్చించాను. ఇంకా కనిపిస్తోంది. ఇంకా హెచ్చించాను. ఎప్పుడూ అక్క అరిచి చెప్పే ఆరు ముప్పావు వోల్టులు దాటేసింది ముల్లు. ఎనిమిది. చుక్క పోలేదు. తొమ్మిదింపావు దగ్గర చుక్క మాయమైంది. ఆంపియర్లు ఒకటీ ముప్పావు.

రంగరాజన్ నోటితోనే గుణించేశాడు. "పదహారు," అన్నాడు. "పదహారుకు పైనే."

మళ్ళీ చేశాను. మళ్ళీ పదహారే. మూడోసారి చేస్తే పదహారున్నర వచ్చింది.

"నేను ముప్పై అని రాయడం ఎక్కువే," రంగరాజన్ ఇన్‌స్పెక్టరుతో అన్నాడు, పెద్ద ధర్మాత్ముడి లాగా. "ఆ మాట వెనక్కి తీసుకుంటాను. పదహారు అని వేసుకోండి."

ఇన్‌స్పెక్టరు సంచిలోంచి కాగితం తీశాడు. కలం మూత విప్పాడు. "మిస్టర్ లక్ష్మణసామీ, ఇన్నాళ్ళూ మీరు పంపిన లెక్కల్లో తొమ్మిదిన్నర అని ఉంది. ఆ కొలతలూ మీరే చేశారా?"

ఆ ప్రశ్నలో ఒక సందు కనిపించింది నాకు. దూరిపోయాను.

"లేదు సార్," అన్నాను గట్టిగా. "అవన్నీ మా అక్క చూసి చెప్పింది. చదువు లేని మనిషి. ఆడది. ఏం చూసిందో ఏం చెప్పిందో! నేను నమ్మి రాసుకున్నాను. తప్పు ఆమెది."

రంగరాజన్ నవ్వు దాచుకోలేదు. "నేనే కొలుస్తాను అని నాతో చెప్పావే?"

వాణ్ణి అక్కడే కొట్టి ఉండేవాణ్ణి. చెయ్యి లేచింది కూడా. అప్పుడే వంటింటి గడప మీద అక్క నిలబడి ఉండటం చూశాను. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చేతికి పిండి అంటుకుని ఉంది.

"లోపలికి పో!" అని అరిచాను, తెలుగులో. "యాల వచ్చినావు ఇక్కడికి?"

పోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. నా ముందు నుంచి, రంగరాజన్ ముందు నుంచి నడిచి వచ్చింది. అపరిచితుల ఎదుట అంత దూరం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఇన్‌స్పెక్టరుతో అరవంలో అంది. "అయ్యా, మీరు ఆ తలుపు పక్కకు రండి."

ఆయనకు అర్థం కాలేదు. లేచి వచ్చాడు. కాగితానికి ఈ పక్క, ఆ పక్క వేలు పెట్టి చూపించింది అక్క. "ఈ పక్క తలుపు వెలుగు పడతా ఉంది. ఈ పక్కే ఉండేది మా తమ్ముడి సెట్టు బల్బు. అంటే ఈ పక్కకు బల్బు వెలుగూ ఉంది, ఎండ వెలుగూ ఉంది. రెండూ కలిపి కొలిస్తే పదహారు రాక ఏమొస్తుంది? పత్తి చూసేటప్పుడు కూడా తలుపులో నిలబడి ఒక పిడికిలి, చీకట్లో ఒక పిడికిలి పట్టుకుని చూడరు కదయ్యా."

తరవాత నా వైపు తిరిగి, మా ఇంటి మాటలో, మెల్లగా అంది. "నేను సిగ్గుపడి తలుపు మూసుకొంటా ఉండానని అనుకొంటివా రా, ఇన్ని దినాలుగా?"

నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ముగ్గురూ చూశారు.

ఆమే తలుపు రెండు రెక్కలూ మూసింది. మూల పడి ఉన్న కంబళి దులిపి వేలాడదీసింది. ఇన్‌స్పెక్టరును సెట్టు దగ్గరికి పొమ్మంది. ఒక ఇంజనీరును, ఒక సర్కారు మనిషిని "మీరు అక్కడ, మీరు ఇక్కడ" అని పురమాయిస్తోంది! నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఉక్రోషం వచ్చింది. వీళ్ళ ముందే ఎందుకు? నాతో విడిగా చెప్పకూడదా? ముందే చెప్పకూడదా? ఆ రోజు ఏదో చెప్పబోతే వంటింట్లో ఉండమన్నది నేనేనని గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది.

చీకటి గదిలో అక్క కళ్ళు సగం మూసి చూసింది. ఎక్కువసేపు పట్టలేదు. "ఇప్పుడు చూడండయ్యా ముల్లు," అంది. ఆరు ముప్పావు వోల్టులు, ఆంపియర్లు ఒకటిన్నరకు కాస్త లోపు. పది లోపే. ఇన్‌స్పెక్టరు తాళం నన్ను నొక్కి పట్టుకోమని తనే వచ్చి చూశాడు. చుక్క కనబడలేదు ఆయనకూ. రంగరాజన్‌ను చూడమన్నాడు. వాడూ చూశాడు. వాడికీ కనబడలేదు.

తలుపు తీశాక రంగరాజన్ మొదటగా చేసింది అక్కకు నమస్కారం పెట్టడం. "తప్పు నాదమ్మా," అన్నాడు. నాతో మాత్రం ఏమీ అనలేదు. నా వంక చూడను కూడా లేదు.

ఇన్‌స్పెక్టరు కాగితం కొత్తది తీశాడు. పది లోపు అని రాశాడు. కొలిచినవారు అన్న చోట అక్క పేరు అడిగి రాశాడు. ఆ మీద ఒక షరతు కలిపాడు. ఇకనుంచి మూడు నెలలకొకసారి కొలత పంపాలి, కొలిచినది అళగమ్మాళ్ అని ఆమె చేత్తో సంతకం ఉండాలి, సంతకం లేని కొలత చెల్లదు, లైసెన్సు ఆగిపోతుంది. అక్క ఆ రోజు సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది.

వాళ్ళు పోయాక నాకు అన్నం వడ్డించింది. నేను తిన్నాను. ఒక్క మాట అడిగింది. "తప్పు ఆమెది అంటివే తమ్ముడా, ఆ మాట నీ నోట్లోనుంచి ఎట్ల వచ్చ?"

"కోపంలో అన్నా," అన్నాను.

"ఆమా, నిజమే. నీకు అన్నీ కోపంలోనే వస్తాయి."

ఆగస్టులో కొలత పంపవలసిన వేళ వచ్చింది. బల్బులు అమర్చి పిలిచాను. అక్క రాలేదు. పప్పు చెరుగుతూ కూర్చుంది.

"చూస్తా. కానీ ముందు నువ్వు విరుదునగరం పోయి ఆయనతో చెప్పు. ఇన్ని ఏండ్లూ కొలిచింది మా అక్క, సరిగ్గా కొలిచింది, తప్పు చూసింది నేను, ఆమె మీదకు తోసింది కూడా నేను అని. నీ నోటితో చెప్పు. ఇంగేమీ వద్దు నాకు."

"వాడికి తెలుసు కదా! వాడి కళ్ళ ముందే అయిపోయ కదా!"

"ఆయనకు తెలిసేది వేరే. నువ్వు చెప్పేది వేరే."

మూడు రోజులు ఇంట్లో నిప్పులు చెరిగాను. చెంబు విసిరేశాను. సెట్టు అమ్మేస్తానన్నాను. అక్క పప్పు చెరిగింది, పత్తి చూసింది, పొయ్యి వెలిగించింది. గడువుకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. మూడో రోజు చొక్కా వేసుకుని రైలెక్కాను.

రంగరాజన్ మేడ గేటు ముందు నిలబడ్డాను. అతను పైనుంచి చూసి తనే దిగి వచ్చాడు. "లక్ష్మణసామీ, రా రా. అక్కగారు బాగున్నారా?" అన్నాడు. నిజంగానే అడిగాడు, వెటకారం లేదు. చెప్పవలసింది నాలుగు మాటలు. దారి పొడుగునా పెదవులతో వల్లె వేసుకుంటూ వచ్చాను. ఆ ఇస్త్రీ చొక్కా, ఆ పలకరింపు చూడగానే వల్లె వేసినదంతా పక్కకు పోయింది. వీడి ముందు తల వంచాలా? వీడు పెట్టిన అర్జీ వల్ల కదా ఇదంతా?

"ఊరికే వచ్చాను. మండీలో పని ఉండి," అన్నాను. మజ్జిగ కూడా తాగకుండా వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి అక్క గుమ్మంలో ఉంది.

"చెప్పినావా?"

"చెప్పినా."

"అంతా చెప్పినావా?"

"అంతా."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలే. సరి అన్నాడు."

అక్క ముఖం విప్పారింది. పదిహేనో తేదీ తరవాత ఆ ముఖంలో అంత వెలుగు చూడటం అదే మొదలు. ఇంకొక ప్రశ్న అడగలేదు. వెంటనే కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి లోపల కూర్చుంది. తొమ్మిది ముప్పావు వచ్చింది. నేను గుణించి రాశాను. తను సంతకం పెట్టింది. ఈసారి చెయ్యి ఆగలేదు, గబగబా పెట్టేసింది.

"మంచి మనిషి రా ఆయన," అంది కాగితం నాకు ఇస్తూ. "నువ్వు పోయి చెప్తే ఒక్క మాట అనలే చూడు. మనమే ఆయన్ని తప్పుగా అనుకొంటిమి. ఈసారి పోయినప్పుడు నేను దండం పెట్టినానని చెప్పు."

అరవాలనిపించింది. దేని మీద, ఎవరి మీద అరవను?

"చెప్తాలే," అన్నాను. కాగితం మడిచి కవరులో పెట్టి, పోస్టులో వేయడానికి బయలుదేరాను.